నూట పన్నెండో పేజీ

పొదలకూరు నిమ్మకాయల యార్డులో
గోతాం మీద కూర్చుని కాయ ఏరేదాన్ని.
పచ్చిది ఒక పక్క, పండింది ఒక పక్క,
మచ్చ పడింది ఊరగాయకి.
గోళ్ల సందుల్లో పులుపు దిగి
రాత్రిళ్లు కూడు కలపాలంటే భయమేసేది.

యార్డు గోడ అవతల శాఖా గ్రంథాలయం.
మొదటిసారి పోయింది ఫ్యాను కోసం.
దస్తగిరి సారు పేపరు మడుస్తా
"ఏం కావాలమ్మే?" అన్నాడు.
మంచి పుస్తకం అన్నా, ఏదో ఒకటి అనాలి గనక.
ఆయన అల్మారా వైపు చూళ్లేదు,
నా చేతులు చూశాడు.
"నిద్ర పడతా ఉందా?
గట్టిగా చదివితే వినేవాళ్లుండారా ఇంట్లో?"
కాంపౌండరు మాదిరి ఇంకో రెండు ప్రశ్నలేసి
అట్ట లేని పుస్తకం ఒకటి చేతిలో పెట్టి
"నలభై పేజీల దాకా తిట్టుకుంటావు.
నన్నే తిట్టుకో, దాన్ని మాత్రం మూయొద్దు."

నలభై మూడు దాకా తిట్టుకున్నా.

మంచిది అనే మాట ఆయన నోట నేను విన్లేదు.
తేదీలు గుద్దే చీటీ వెనక పెన్సిలుతో రాసేవాడు:
"వానల్లో చదవండి."
"ఇది చదివి రెండు రోజులు నేనెవరితోనూ మాట్లాడలేదు,
సెలవు చూసుకుని మొదలుపెట్టండి."
"చివర బాగలేదు. అయినా సరే."

బోరు నాలుగోసారి ఎండినప్పుడు చెంచురామయ్యకి
కాస్త నవ్వుకుంటాడని ఒకటిచ్చాడు.
వారానికి తెచ్చి బల్ల మీద కొట్టాడాయన.
"ఇందులో అప్పులోడొచ్చి తలుపు కొడతాడే,
ఈయన అటక మీద దాక్కుంటాడే,
యాడ నవ్వాలో చూపించు సారూ."
దస్తగిరి సారు చాలాసేపు ఏం మాట్లాడలా.
ఆనక పాతమాట రబ్బరుతో చెరిపి
"హాస్యం అనుకున్నా. కాదంట.
చెంచురామయ్య చెప్పాక తెలిసింది" అని రాశాడు.
ఆ చీటీ ఇప్పటికీ ఉండాది.
చెరిపిన చోట కాగితం పల్చబడి
అటుపక్క అక్షరాలు కనపడతాయి.

నన్ను పట్టుకుని వదలని పుస్తకం ఒకటుండాది.
పేరు చెప్పను, అడిగితే చేతికే ఇస్తా.
అందులో నూట పదకొండూ పన్నెండూ
ఎవరో చించుకుపోయారు.
ఇల్లు విడిచిన మనిషి ఏడేళ్లకి
గుమ్మం దాకా వచ్చి నిలబడతాడు.
అక్కడ తెగుతుంది.
నూట పదమూడులో ఇద్దరూ గిన్నెలు కడుగుతా ఉంటారు.
సారు చీటీ మీద రాశాడు:
"మధ్యలో ఒక కాగితం లేదు.
చినగకముందు చదివిన వెంగమ్మ
నిమ్మకాయల యార్డులో ఉంటుంది. అడగండి."

వచ్చేవాళ్లు.
లారీ క్లీనరు, కాటా గుమాస్తా, అంగన్‌వాడీ ఆయమ్మ,
ఖాళీ టిఫిను డబ్బా పట్టుకుని
రిటైరైన లైన్‌మేను ఒకాయన.
కాయ ఏరతానే చెప్పేదాన్ని:
ఆమె తలుపు తీసింది,
తిట్టింది,
పక్కకి జరిగింది.
లైన్‌మేనుకి చెప్పేటప్పుడు తిట్టు మింగేశా.

సారు రిటైరై కలువాయి పోయాడు.
ఇప్పుడు వారానికి మూడు రోజులే తలుపు తీస్తారు.
పోయిన నెల కొత్త కట్టలో అదే పుస్తకం వచ్చింది,
జిగురు వాసనతో, నిండుగా.
నిలబడే తీశా ఆ పేజీ.

తలుపు ఆమె తీయలేదు. అది అసలు వేసే లేదు.
ఎవరూ ఒక్క మాట అనలేదు.
పేజీ నిండా వాన,
చూరు కింద పెట్టిన బక్కెట్టు నిండేదాకా.

మరి తిట్టింది ఎవరు?
పక్కకి జరిగింది ఎవరు?
ఆ పూట నేను ఏరిన గంపలో
పచ్చీ పండూ కలిసిపోయినాయని
మేస్త్రీ అరిచాడు.

నిన్న ఆస్పత్రికి కొత్తగా వచ్చిన నర్సమ్మ
చదివేదానికి ఏదన్నా చెప్పమంది.
రెండు కాపీలూ బల్ల మీద పెట్టి
చినిగింది కొంచెం ఆమె వైపు జరిపా.
"దీంట్లో ఒక కాగితం లేదమ్మా.
చదివొచ్చి,
ఏముండాదో నాకు చెప్పు."